కట్టినవాళ్ళు, కాపాడినవాళ్ళు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, ముప్పయ్యేళ్ళ ఇంజనీరు కొలువులో వేసిన రోడ్ల గురించో, కట్టిన వంతెనల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. దానికి బదులు కిందటి డిసెంబరులో మన ఊళ్ళో నేనొక్కడినే గడిపిన నాలుగు రోజుల గురించి రాస్తున్నాను. చివర్లో మన బడికి సంబంధించిన మనవి ఒకటుంది. దయచేసి అక్కడిదాకా చదవండి.

ఏడాది చివర మురిగిపోయే సెలవులు నాలుగు మిగిలాయి. మా ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళింది. ఎక్కడికైనా పోదామని ఆలోచిస్తుంటే తట్టింది: హంపి చూశాను, కోణార్క్ చూశాను, మహాబలిపురం రెండుసార్లు చూశాను. పుట్టి పెరిగిన ఓరుగల్లును మాత్రం చూడలేదు. వేయిస్తంభాల గుడి ముందు నుంచి ఐదేళ్ళు సైకిల్ మీద బడికి పోయినవాణ్ణి. లోపలికి వెళ్ళింది పరీక్షల ముందు దండం పెట్టుకోవడానికే. మా ఇల్లు అమ్మేసి చాలా కాలమైంది కాబట్టి హన్మకొండ చౌరస్తా దగ్గర లాడ్జిలో దిగాను. రిజిస్టర్‌లో సొంత ఊరు అన్నచోట 'హన్మకొండ' అని రాస్తే కౌంటర్‌లో కుర్రాడు నన్ను వింతగా చూశాడు.

ఈ ప్రయాణానికి ఇంకో కారణం ఉంది. 1984 జనవరిలో, మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, మన సోషల్ సారు మమ్మల్ని బస్సులో పాలంపేట తీసుకుపోయారు. రామప్ప గుడి ఎవరు కట్టించారని అడిగితే అందరం ఒకే గొంతుతో రేచర్ల రుద్రుడు అన్నాం. సారు నవ్వి, "కట్టినోళ్ళ పేర్లు పుస్తకంల ఉన్నయి. కట్టినంక ఇన్ని వందల ఏండ్లు దీన్ని కాపాడిందెవరు? అది మీ పుస్తకంల లేదు. తెలుసుకొని వచ్చి నాకు చెప్పండి" అన్నారు. మాలో ఎవరమూ చెప్పలేదు. సారు ఇప్పుడు లేరు. నలభై ఏళ్ళు ఆలస్యమైన ఆ హోంవర్కే ఈ వ్యాసం.

మొదటి రోజు: వేయిస్తంభాల గుడి

పొద్దున్నే ఏడింటికి గుడికి వెళ్ళాను. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి ఇది. అప్పటిదాకా కాకతీయులు కల్యాణి చాళుక్యులకు సామంతులు. తన విజయాలను, స్వతంత్రాధికారాన్ని రుద్రదేవుడు ఇక్కడి శాసనంలోనే చాటాడు. సంస్కృతంలో ఆ శాసనాన్ని రచించినవాడు అచింతేంద్రుడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుడులు, మధ్యలో ఒకే మండపం. అందుకే దీన్ని త్రికూటాలయం అంటారు. ఎదురుగా నంది, నందికి అవతల కల్యాణ మండపం.

చిన్నప్పుడు ఆ కల్యాణ మండపం మనకు దాగుడుమూతల చోటు. స్తంభాలు ఒరిగిపోయి, నేల ఎగుడుదిగుడుగా ఉండేది. తరువాత దాన్ని పూర్తిగా విప్పారు. రాళ్ళకు గుర్తులు వేసి పక్కన పేర్చారు. పదిహేనేళ్ళకు పైగా ఆ చోటు ఖాళీగానే ఉంది. సెలవులకు వచ్చినప్పుడల్లా చూసి, "ఇక ఇది లేచినట్టే" అని వెటకారం చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. 2024 మార్చిలో మండపం మళ్ళీ తెరుచుకుంది. నేను ఆ నల్లరాతి స్తంభాల మధ్య కూర్చున్నాను. నునుపు ఎంతంటే, వేలు పెడితే వేలి నీడ అందులో కనబడుతుంది.

విప్పినప్పుడు పునాదిలో బయటపడింది ఇసుక. దీని గురించి చాలా మంది ఏదో మాయలా చెబుతుంటారు. మాయ ఏమీ లేదు, చక్కని బుద్ధి ఉంది. మన దగ్గర రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని పగుళ్ళిస్తుంది. దాని మీద బరువైన రాతి కట్టడం నేరుగా నిలబెడితే ఒక మూల లేస్తుంది, ఒక మూల దిగుతుంది. అందుకని గొయ్యి తీసి ఆ మట్టి తీసేసి, ఇసుక నింపి, దాని పైన రాళ్ళు పరిచారు. ఇసుక తడికి ఉబ్బదు, ఎండకు కుంచించుకోదు. పైనుంచి వచ్చే బరువును నలుదిక్కులా పంచుతుంది. ఇవాళ మనం చిన్న ఇల్లు కట్టినా నల్లరేగడిలో పునాది కింద ఇసుక పరుపు వేస్తాం. సూత్రం అదే.

కానీ దీనికి ఒక షరతు ఉంది. ఇసుక పక్కలకు జారకుండా చుట్టూ గట్టిగా పట్టి ఉండాలి. చుట్టుపక్కల ఎవరైనా లోతుగా తవ్వినా, వాననీటి కాలువలు పూడి నీళ్ళు పునాదిలోకి దారి చేసుకున్నా ఇసుక కదులుతుంది. ఇసుక కదిలితే పైన ఎంత గొప్ప శిల్పమున్నా ఒరుగుతుంది. అంటే ఈ పునాది కట్టినవాళ్ళు, తరువాతి తరాలు చుట్టుపక్కల కాలువలు బాగుచేసుకుంటూ ఉంటాయని నమ్మి కట్టారు. సారు అడిగిన ప్రశ్న మొదటిసారి నాకు ఇంజనీరు ప్రశ్నగా వినబడింది అక్కడే.

రెండో రోజు: కోట, ఒక బావి

కోటకు ఆటోలో వెళ్ళి రోజంతా నడిచాను. రాజధాని హన్మకొండ నుంచి ఓరుగల్లుకు మారాక గణపతిదేవుడు రాతికోట ఎత్తించాడు, ఆయన కూతురు రుద్రమదేవి పూర్తి చేయించింది. 45 బురుజులు, చుట్టూ కందకం, నాలుగు దిక్కులా నాలుగు దర్వాజలు. రాతికోటకు వెలుపల మట్టికోట. బొమ్మల పుస్తకాల్లో ఎప్పుడూ రాతికోటే ఉంటుంది. నాకు మట్టికోట ఎక్కువ నచ్చింది. గుద్దినదాన్ని రాయి ఎదిరిస్తుంది, మట్టి మింగేస్తుంది. అయితే మట్టికోటకు ఏటా మనిషి చెయ్యి తగలాలి. వాన కోసిన చోట మట్టి పోయాలి, మొలిచిన చెట్టు పీకాలి. కొన్ని చోట్ల ఇప్పుడది చిన్న దిబ్బలా మిగిలింది.

కోట నడుమ స్వయంభూ శివాలయం చోటు. 1323లో ఉలుగ్ ఖాన్ నాయకత్వాన ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది, కాకతీయుల పాలన ముగిసింది. గుడి పోయింది. దాని చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలిచి ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో మనం రోజూ చూసే తోరణం అదే. గుడి రాళ్ళు నేల మీద వరుసగా పేర్చి ఉన్నాయి: సగం ఏనుగు, సగం హంస, తీగలు చెక్కిన దూలాలు. ద్వారాలు ఉండి ఇల్లు లేని వాకిలిలా ఉంటుంది ఆ చోటు. పక్క ఇళ్ళ పిల్లలు అక్కడ గాలిపటాలు ఎగరేస్తున్నారు.

సాయంత్రం శివనగర్ మెట్ల బావికి వెళ్ళాను. వీధిలో నడుస్తున్నవాడికి అక్కడ అంత పెద్ద కట్టడం ఉందని తెలియదు, ఎందుకంటే అది మొత్తం భూమి లోపలే ఉంది. మెట్లు దిగుతుంటే రాతి స్తంభాలతో అంతస్తులు ఒకదాని కింద ఒకటి తెరుచుకుంటాయి. నీళ్ళు పైన ఉన్నా, అడుగుకు పోయినా మనిషి నడిచి నీటిదాకా చేరుకోవాలన్నది దీని ఆలోచన. ఏళ్ళ తరబడి చెత్తతో నిండిపోయిన ఆ బావిని కొంతకాలం కిందట పూడిక తీసి బాగు చేశారు.

అక్కడ రెండో అంతస్తు మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. ఎందుకో చెప్పకుండా దాటేయవచ్చు, కానీ చెప్పకపోతే చివరి మనవికి అర్థం ఉండదు.

1997లో నేను వేరే జిల్లాలో, ఒక చిన్న పట్టణంలో పని చేస్తున్నాను. వయసు 28. రోడ్డు వెడల్పు చేసే పని. దారిలో పాత మెట్ల బావి అడ్డం వచ్చింది. ఇంత పెద్దది కాదు, కానీ ఇలాంటిదే. రెండు వరుసల స్తంభాలు, గోడలో దీపం గూళ్ళు. రోడ్డును కొద్దిగా పక్కకు తిప్పవచ్చు. తిప్పితే కొత్త అంచనా వేయాలి, కొత్త మంజూరు తేవాలి, నాలుగు నెలలు పోతుంది. తనిఖీ రిపోర్టులో "నిరుపయోగంగా ఉన్న పాత బావి, పూడ్చవచ్చును" అని రాసి సంతకం పెట్టాను. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. పదకొండు రోజుల్లో నిండిపోయింది. ఒక ముసలమ్మ వచ్చి, "నీళ్ళున్నయి గద బిడ్డా, ఎందుకు నింపుతున్నరు?" అని అడిగింది. పక్కకు జరగమన్నాను.

ఆ బావికి కొలతలు తీయలేదు. ఒక్క ఫొటో తీయలేదు. దాని వయసెంతో, ఎవరు తవ్వించారో ఇక ఎవరూ చెప్పలేరు. తరువాత రెండేళ్ళలో ఆ చోట రోడ్డు రెండుసార్లు కుంగింది. నింపిన మట్టి సర్దుకుంటోందని రిపోర్టులు రాశాం. ఆ రిపోర్టుల మీదా నా సంతకమే ఉంది.

మూడో రోజు: పాలంపేట

ములుగు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో పాలంపేట చేరాను. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు మొదలుపెట్టించిన గుడి. పని దాదాపు 40 ఏళ్ళు సాగిందంటారు. అసలు పేరు రుద్రేశ్వరాలయం. శిల్పి పేరు రామప్ప అని జనంలో ఉన్న మాటను బట్టి రామప్ప గుడి అయింది. ఆరడుగుల ఎత్తు నక్షత్రాకారపు అరుగు, దాని మీద ఎర్ర ఇసుకరాతి గుడి, లోపల నల్లరాతి స్తంభాలు, చూరు కింద మదనికలు. వీటి అందం గురించి నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో ఉన్నారు. నేను శిఖరం గురించి చెబుతాను.

గర్భగుడి పైన శిఖరం రాతిది కాదు, ఇటుకలది. నీటిలో వేస్తే తేలే ఇటుకలు. నల్లరాయి ఘనమీటరు సుమారు 2,900 కిలోలు ఉంటుంది. మామూలు ఇటుక 1,800 కిలోల దాకా ఉంటుంది. నీటిలో తేలాలంటే 1,000 కిలోల కంటే తక్కువ ఉండాలి. అంటే అదే శిఖరం నల్లరాతితో కడితే కింది గోడల మీద, దూలాల మీద, ఇసుక మీద పడే బరువు మూడు రెట్లు. మట్టిలో కాలిపోయే పదార్థం కలిపి కాలిస్తే, అది పోయిన చోట గాలి గూళ్ళు మిగిలి ఇటుక తేలికవుతుంది. పైన తేలిక, కింద ఉబ్బని నేల: రెండూ కలిపి ఆలోచించినవాడు శిల్పి మాత్రమే కాదు, పక్కా ఇంజనీరు.

అయినా మండపంలో కొన్ని దూలాలు పగిలి ఉన్నాయి, నేల అక్కడక్కడా దిగి ఉంది. ఎంత గొప్పగా కట్టినా కనిపెట్టి చూసుకోకపోతే ఇంతే. ఆవరణలోనే శాసన స్తంభం ఉంది. చిన్నప్పుడు దాన్ని 'రాత రాయి' అనుకుని దాటిపోయాం. అందులో కట్టించినవాడి వంశం, పొగడ్తలతో పాటు దేవుడికి ఊళ్ళు దానమిచ్చిన సంగతి కూడా ఉంది. ఊళ్ళు ఎందుకు? నిత్యం దీపం వెలగాలి, నైవేద్యం జరగాలి, ఊడ్చేవాళ్ళకు, వాయించేవాళ్ళకు, మరమ్మతు చేసేవాళ్ళకు కూడు దొరకాలి. నా భాషలో చెప్పాలంటే అది మెయింటెనెన్స్ బడ్జెట్, అదీ రాతి మీద చెక్కించి పెట్టిన బడ్జెట్. నా కొలువులో నేను తయారు చేసిన అంచనాల్లో నిర్మాణ ఖర్చు పైసలతో సహా ఉండేది. ఇరవై ఏళ్ళ తరువాత దాన్ని ఎవరు చూసుకుంటారన్నది ఒక్కదాంట్లోనూ లేదు.

ఊళ్ళ ఆదాయం ఆగాక గుడి అడవిలో పడింది. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టింది. దానికి అధిపతిగా ఉన్న గులాం యాజ్దానీ పాలంపేట గుళ్ళ మీద రాసిన గ్రంథం 1922లో అచ్చయింది. ఒక కట్టడాన్ని కాపాడాలంటే ముందు దాన్ని కొలిచి, గీసి, రాసి పెట్టాలని ఆ తరం అధికారులకు తెలుసు. 2021లో యునెస్కో రామప్పను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మనమంతా వాట్సాప్‌లో సంబరం చేసుకున్నాం. ఆ సంబరానికి వెనుక వందేళ్ళ ఓపిక ఉంది.

ఎండ తగ్గాక చెరువు కట్ట మీదికి నడిచాను. కొండల మధ్య కట్ట వేసి నీళ్ళు ఆపిన చెరువు, గుడి కాలం నాటిదే. ఊరు, గుడి, చెరువు మూడూ ఒకే పథకంలో భాగం కావడం కాకతీయుల పద్ధతి. గుడి భూములకు నీళ్ళు చెరువువి, చెరువుకు అండ గుడిది. చెరువు కట్టి చూసుకునేవాళ్ళకు దశబంధం కింద మాన్యం ఇచ్చేవారు. కాకతీయులు పోయినా ఈ చెరువు పారుతూనే ఉంది.

తూము దగ్గర డెబ్బై ఐదేళ్ళు దాటిన పెద్దాయన బర్రెలను మేపుతున్నాడు. నన్ను చూసి, "పట్నం నుంచి వచ్చినవా బిడ్డా?" అన్నాడు.

"ఇక్కడోన్నే కాకా, హన్మకొండ."

"ఇక్కడోనివైతే గుడి చూసి పోవాలె గని కట్ట మీదికెందుకు వచ్చినవ్? అందరు గుడి చూసి పోతరు."

వాళ్ళ నాయిన నీరటి అని చెప్పాడు. తూము ఎప్పుడు లేపాలి, ఎప్పుడు దించాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి అన్నది ఆయన చూసేవాడట. వానాకాలం రాత్రుళ్ళు కందిలి పట్టుకుని కట్టంతా తిరిగేవాడట, ఎక్కడైనా బుంగ పడిందేమోనని. "బుంగ పిడికిలంత ఉన్నప్పుడే మూయాలె. మనిషంతైనంక రాజు వచ్చినా మూయలేడు" అన్నాడు.

"మీ నాయిన పేరు ఎక్కడన్నా రాసి ఉన్నదా కాకా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "చెరువు ఉన్నది గద."

సారు ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. ఏడెనిమిది వందల ఏళ్ళు కాపాడింది ఏ ఒక్కరో కాదు. పేరు రాసుకోని నీరటివాళ్ళు, ఊడ్చినవాళ్ళు, పూడిక తీసినవాళ్ళు, కొలిచి గీసినవాళ్ళు, పదిహేనేళ్ళు రాయి మీద రాయి పెట్టిన పనివాళ్ళు. 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీసినప్పుడు ఊళ్ళల్లో ట్రాక్టర్ల వెంట నడిచిన రైతులూ ఆ వరుసలోనివాళ్ళే.

నాలుగో రోజు: మన బడి

ఆదివారం. వాచ్‌మన్ గేటు తెరిచాడు. పెంకుటింటి క్లాసులు పోయాయి, కొత్త బిల్డింగు వచ్చింది, వేపచెట్టు ఉంది. వెనుక, ఆటస్థలం మూలకు, మన బావి ఉంది.

మన బడి రాకముందు ఆ స్థలం తోట. ఆ తోట బావే అది. మోట కొట్టిన రాతి అరుగు, తాళ్ళు ఒరుసుకుని పడిన గాట్లు ఇంకా ఉన్నాయి. వాలీబాల్ పడితే గిర్రలో బకెట్ వేసి తీసింది, ఇంటర్వెల్‌లో నీళ్ళు తాగింది, ఒకసారి హెడ్‌మాస్టరు గారి గొడుగు పడేసి భయంతో వణికింది ఆ బావి దగ్గరే. ఇప్పుడు పైన ఇనుప జాలీ, లోపల కొబ్బరి బోండాలు, ప్లాస్టిక్ సీసాలు. సెల్‌ఫోన్ దీపం వేసి చూస్తే అడుగున నీళ్ళు మెరిశాయి.

స్వర్ణోత్సవ జ్ఞాపకంగా ఆ మూలను పూడ్చి శాశ్వత వేదిక కట్టాలని మన సంఘం తీర్మానించిందని నాకు తెలుసు. కమిటీ మంచి మనసుతోనే అనుకుంది. పిల్లలున్న చోట తెరిచిన బావి ప్రమాదమేనన్నది కాదనలేను. ఆ తీర్మానానికి వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 1997లో సంతకం పెట్టినట్టే, చూడకుండా పెట్టాను.

నా మనవి ఇది. బావిని పూడ్చవద్దు. వేదికను ఉత్తరం గోడ వైపు జరిపితే స్థలం సరిపోతుంది. నడిచి కొలిచి చూశాను. బావి చుట్టూ నాలుగడుగుల గోడ, పైన తాళం వేసే గట్టి జాలీ పెడితే పిల్లలకు ప్రమాదం ఉండదు. కొత్త బిల్డింగు కప్పు సుమారు 600 చదరపు మీటర్లు. మన దగ్గర ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన అనుకుని, అందులో అయిదో వంతు వృథాగా పోయినా, 4 లక్షల 30 వేల లీటర్ల నీళ్ళు ఆ కప్పు మీద నుంచి ఏటా మురికి కాలువలోకి పోతున్నాయి. వడపోత తొట్టి ఒకటి కట్టి ఆ నీళ్ళను బావిలోకి మళ్ళిస్తే, ఎండాకాలం ఎండిపోయే బడి బోరుకు ఊపిరి వస్తుంది. పూడిక తీతకు, జాలీకి అయ్యే ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను. అయితే కట్టడానికి ఒకసారి ఇచ్చే చందా కంటే, ఏటా జూన్‌కు ముందు పూడిక, తొట్టి చూసే బాధ్యత ముఖ్యం. ఒక్కో బ్యాచ్ ఒక్కో ఏడాది తీసుకుంటే మన వంతు మళ్ళీ రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. మొదటి ఏడాది మా బ్యాచ్‌ది.

మీరు పూడ్చాలనే నిర్ణయిస్తే నేను అడ్డుపడను. కానీ దానికి ముందు ఒక్కరోజు నాకివ్వండి. కొలతలు తీసి, బొమ్మ గీసి, తాళ్ళు పడిన గాట్లతో సహా ఫొటోలు తీసి బడి లైబ్రరీలో పెడతాను. ఆ పనైనా చేయకుండా ఇంకో బావి మీద నా సంతకం ఉండకూడదు.

సర్వసభ్య సమావేశం రోజు పొద్దున ఏడింటికి టేపు, లెవెల్ మిషన్ తీసుకుని బావి దగ్గర ఉంటాను. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒకరు కావాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చినా సంతోషం. సారు మమ్మల్ని అడిగిన ప్రశ్నే వాళ్ళనూ అడుగుతాను.